మ్యాచ్‌లో తొడిగిన హాకీ జెర్సీని తేల్చడం ఎలా: పర్లాకిమిడి నుంచి ప్రాజెక్టు డైరీ

ఆటగాళ్ళు మ్యాచ్‌లో వేసుకున్న హాకీ జెర్సీలు సేకరించేవాళ్ళకి పనికొస్తుందని ఈ డైరీ రాస్తున్నాను. ఎక్కడ దొరుకుతాయి, ఎంత పెట్టాలి అన్నది ఇందులో తక్కువ. చేతికొచ్చిన చొక్కా నిజంగా మైదానంలో చెమట పట్టిందా, షాపులోంచి నేరుగా వచ్చిందా అని తేల్చే పనే ఎక్కువ. నేనుండేది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఎందరో హాకీ ఆటగాళ్ళు పుట్టిన సుందర్‌గఢ్ జిల్లా మా రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఈ పని ఇక్కడ కూర్చుని చేయడానికి అర్థం ఉంది.

మొదలుపెట్టేనాటికి లెక్క: జెర్సీలు 11. వాటికి పెట్టింది రూ. 14,600. తేలినవి 0.

దశ 0: గడులు, పనిముట్లు

ముందు గడులు గీసుకోవాలి. అమ్మేవాళ్ళు అన్నిటికీ ‘మ్యాచ్ జెర్సీ’ అనే ఒక్క మాటే వాడతారు. నేను ఐదు గడులు పెట్టుకున్నాను.

1. తొడిగినది, ఏ మ్యాచో తేలింది.
2. తొడిగినది, ఏ మ్యాచో తేలలేదు.
3. టీమ్‌కి ఇచ్చినది, తొడిగిన ఆధారం లేదు.
4. అభిమానుల కోసం కుట్టినది, లేదా నకిలీ.
5. తేలనిది.

ఐదో గడి తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే ప్రతి జెర్సీనీ ఏదో ఒక గడిలోకి నెట్టేస్తాం.

విదేశీ గైడ్లు చదివి మొదలుపెట్టేవాళ్ళకి ఒక మాట. అవి ఐస్ హాకీ కోసం రాసినవి. ఉత్తర అమెరికాలో ఎన్‌హెచ్‌ఎల్ (అక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్) క్లబ్బులు సీజన్‌ని సెట్లుగా విడగొట్టి, ఒక్కో చొక్కాకి ట్యాగు వేసి అమ్ముతాయి. అక్కడ చొక్కా వెనక లోపలివైపు ఫైట్ స్ట్రాప్ (కొట్లాటలో చొక్కా పైకి లాగేయకుండా ప్యాంటుకి బిగించే పట్టీ) ఉందా, రింక్ (మంచు మైదానం) గోడ రంగు అంటుకుందా, పక్ (వాళ్ళు బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) తగిలిన నల్ల మచ్చ ఉందా అని చూస్తారు. మన హాకీ చొక్కాకి ఇవేవీ ఉండవు. ట్యాగు వేసిచ్చే పద్ధతీ మనకి లేదు. వాళ్ళ దగ్గర నేను తీసుకున్నది ఫోటో మ్యాచింగ్ ఒక్కటే, అంటే చొక్కా మీది గుర్తుల్ని మ్యాచ్ ఫోటోలతో పోల్చడం. మిగతాదంతా ఇక్కడి గుడ్డ, ఇక్కడి మైదానాన్ని బట్టి మార్చుకున్నాను.

పనిముట్లు:

1. వాచీ రిపేరు వాళ్ళు కంటికి పెట్టుకునే పదిరెట్ల లూప్ (భూతద్దం): రూ. 450
2. ఒక గ్రాము తేడా చూపించే కిచెన్ స్కేల్: రూ. 380
3. 365 నానోమీటర్ల యూవీ టార్చి: రూ. 650
4. టైలర్ టేపు, ట్రేసింగ్ పేపర్: రూ. 120
5. ఫోన్ స్టాండు, తెల్ల ఎల్‌ఈడీ లైటు: రూ. 900

మొత్తం రూ. 2,500. వీటిలో యూవీ టార్చి లేకపోయినా పని ఆగదు. ఎందుకో దశ 3లో ఉంది.

దశ 1: తారీఖుల జల్లెడ

ఇది ఖర్చు లేని పని. గుడ్డ ముట్టుకోకముందే చేయాలి. ఏ జెర్సీకైనా ఒక కథ చెప్తారు కదా, ఆ కథని తారీఖుల పక్కన పెట్టి చూడడమే.

ఒలింపిక్స్ నుంచి మొదలుపెడదాం. నా దగ్గరికి ‘టోక్యో సెమీఫైనల్ జెర్సీ’ అని వచ్చిన చొక్కా ఛాతీ మీద ఒడిశా అని పెద్దక్షరాల్లో ఉంది. ఒడిశా ప్రభుత్వం జాతీయ జట్లకి స్పాన్సర్ అయింది 2018 ఫిబ్రవరిలో. అంతకుముందు ఆ చోట సహారా ఉండేది. ఒలింపిక్స్‌లో మాత్రం స్పాన్సర్ పేరు వేసుకోనివ్వరు. బట్టలు తయారుచేసిన కంపెనీ గుర్తుకి తప్ప చోటు లేదు. 2021 ఆగస్టు 5న జర్మనీని 5-4తో ఓడించి కాంస్యం తెచ్చిన రోజు మనవాళ్ళ ఛాతీ మీద ఒడిశా పేరు లేదు. ఆ పేరున్న చొక్కా మంచి గుడ్డతోనే కుట్టి ఉండొచ్చు. టోక్యోది మాత్రం కాదు.

రెండోది 16 నంబర్. పారిస్ ఒలింపిక్స్ తర్వాత, 2024 ఆగస్టులో, గోల్‌కీపర్ శ్రీజేష్ గౌరవార్థం సీనియర్ పురుషుల జట్టులో ఆ నంబర్‌కి హాకీ ఇండియా (దేశంలో హాకీని నడిపే సంస్థ) రిటైర్మెంట్ ప్రకటించింది, అంటే ఇంక ఎవరికీ ఇవ్వరు. ‘2025 సీనియర్ జట్టు జెర్సీ’ అంటూ వచ్చిన 16 నంబర్ చొక్కాని ఈ ఒక్క మాటతో పక్కన పెట్టేశాను. జూనియర్ జట్టులో ఆ నంబర్ ఉండొచ్చు, అది వేరే సంగతి.

మూడోది హాకీ ఇండియా లీగ్. మొదటిసారి 2013 నుంచి 2017 దాకా నడిచి ఆగిపోయింది. ఆ ఆఖరి సీజన్‌లో గెలిచింది మన ఒడిశా జట్టు కళింగ లాన్సర్స్. మళ్ళీ మొదలైంది 2024 డిసెంబర్‌లో. మధ్యలో సీజన్లు లేవు. అలాంటప్పుడు ‘లాన్సర్స్ 2019’ అని చీటీ అంటించిన చొక్కా గురించి ఇంక చెప్పేదేముంది! మహిళల లీగ్ 2025 జనవరిలో మొదలైంది కాబట్టి అంతకుముందు, అందులో ఆడిన ఒడిశా వారియర్స్ చొక్కా ఉండడానికి వీల్లేదు.

ఇలాంటివే మరికొన్ని రాసి గోడకి అంటించుకున్నాను:

- పారిస్ సెమీఫైనల్ (2024 ఆగస్టు 6, జర్మనీతో) ఆడిన 30 నంబర్ చొక్కా ఉండదు. క్వార్టర్ ఫైనల్లో రెడ్ కార్డు వల్ల ఆ నంబర్ ఆటగాడు అమిత్ రోహిదాస్ ఆ మ్యాచ్‌కి దూరమయ్యాడు.
- రూర్కెలా బిర్సా ముండా స్టేడియం ప్రారంభమైంది 2023 జనవరిలో. వెనకాల ఆ స్టేడియం కనిపించే ఫోటోని 2018 ప్రపంచ కప్‌ది అంటే ఒప్పుకోకూడదు. 2018 ప్రపంచ కప్ మొత్తం భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే జరిగింది.
- 2024–25 లీగ్ పురుషుల ఫైనల్ 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగింది. రార్ బెంగాల్ టైగర్స్ 4-3తో హైదరాబాద్ తూఫాన్స్‌ని ఓడించింది. ఆ సీజన్‌లో విశాఖ పేరుతో ఆడిన టీమ్ గోనాసిక ఆ రోజు మైదానంలో లేదు. ‘గోనాసిక ఫైనల్ జెర్సీ’ అని ఎవరైనా తెస్తే తిప్పి పంపడమే.

లెక్క: జెర్సీలు 11. గడి 4కి వెళ్ళినవి 3. తేలనివి 8. మొత్తం ఖర్చు రూ. 17,100.

ఆ మూడింటినీ పారేయలేదు. తర్వాత దశల్లో ప్రయోగాలకి అవే పనికొచ్చాయి.

దశ 2: టేపు, తూకం

1. జెర్సీని బల్ల మీద లాగకుండా పరవాలి. ముడతలు అరచేత్తో సర్దాలి. ఇస్త్రీ పెట్టకూడదు.
2. చంక నుంచి చంకకి, భుజం నుంచి కింది అంచుకి కొలవాలి. మూడుసార్లు కొలిచి నడిమి అంకె రాసుకోవాలి.
3. వీపు మీది నంబర్ ఎత్తు, ముందు నంబర్ ఎత్తు విడివిడిగా కొలవాలి.
4. మొత్తం జెర్సీ తూకం వేయాలి.

అంతర్జాతీయ పోటీల్లో వీపు నంబర్ ఎత్తు 16 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య ఉండాలన్నది నియమం. నా దగ్గరున్న రెండు ‘ఇండియా మ్యాచ్ జెర్సీల’ మీద నంబర్ 23 వచ్చింది. షాపులో అమ్మేవాటికి అంకెలు కొట్టొచ్చినట్టు కనిపించాలని పెద్దగా వేస్తారు. ఆ రెండూ గడి 4కి వెళ్ళాయి.

గోల్‌కీపర్ చొక్కా కొలతలు వేరే రకంగా చూడాలి. లోపల ఛాతీ గార్డు, చేతుల గార్డులు ఉంటాయి కాబట్టి మనిషి సైజు కంటే చొక్కా బాగా పెద్దది. మీడియం సైజు గోల్‌కీపర్ చొక్కా వస్తే గార్డు తొడిగి దాన్ని వేసుకోవడం కుదురుతుందా అని ముందు ఆలోచించాలి. రాపిడి పడే చోటు కూడా మారుతుంది. ఫీల్డ్‌లో ఆడేవాళ్ళకి తుంటి దగ్గరా మోచేతి పక్కనా అరిగితే, గోల్‌కీపర్‌కి గార్డు అంచు తగిలే వరస అంతా లోపలివైపు నుంచి అరుగుతుంది.

తూకం నుంచి ఇంత సమాచారం వస్తుందని నేను అనుకోలేదు. వర్షాకాలంలో ఒకసారి, మాఘంలో ఒకసారి అన్నిటినీ తూచాను. లీగ్ జెర్సీ రెండుసార్లూ 162 గ్రాములే. పాత స్పోర్ట్స్ హాస్టల్ జట్టుదని చెప్పి ఇచ్చిన ఒక చొక్కా మాత్రం మాఘంలో 210, వానల్లో 215. పాలిస్టర్ గాలిలో తేమని దాదాపు పీల్చుకోదు, దాని బరువులో అర శాతం కూడా ఉండదు. నూలు ఎనిమిది శాతం పైనే పీలుస్తుంది. ఐదు గ్రాములు పెరిగిందంటే ఆ చొక్కాలో నూలు కలిసి ఉంది. ‘పోయినేడాది మ్యాచ్‌ది’ అని అమ్మిన చొక్కా అలా బరువు మారిస్తే అనుమానించాలి. ఇరవై ఏళ్ళ నాటిది అని చెప్పిన చొక్కా బరువు మారితే అది దానికి అనుకూలమైన సాక్ష్యం. చింపకుండా, తడపకుండా, మంట పెట్టకుండా చేసే పరీక్ష కాబట్టి నాకిది బాగా నచ్చింది.

లెక్క: జెర్సీలు 11. గడి 4లో 5. తేలనివి 6. ఖర్చు రూ. 17,100.

దశ 3: యూవీ టార్చి, ఇసుక కాగితం

యూవీ పరీక్ష పనిచేయలేదు. కొత్త గుడ్డ, కొత్త దారం మెరుస్తాయి, పాతవి మెరవవు అని చాలాచోట్ల రాసి ఉంటుంది. గది తలుపులు మూసి, ఆరు జెర్సీల మీదా టార్చి వేశాను. తెల్లగా ఉన్న ప్రతి చోటూ నీలంగా వెలిగింది. ఎందుకంటే తెల్ల పాలిస్టర్‌కి తయారీలోనే మెరుపు రసాయనం కలుపుతారు. పైగా మన బట్టల పౌడర్లలోనూ అదే రకం రసాయనం ఉంటుంది. నా సొంత బనీను కూడా అంతే వెలిగింది. అంటే ఈ వెలుగు చొక్కా వయసు చెప్పదు, మ్యాచ్ సంగతీ చెప్పదు.

పద్ధతి మార్చాను. ఇప్పుడు టార్చిని ఒకే జెర్సీలో రెండు కుట్ల మధ్య తేడా చూడడానికే వాడుతున్నాను. పక్క కుట్టు దారం ఒక రకంగా, నంబర్ చుట్టూ ఉన్న దారం మరో రకంగా మెరిస్తే ఆ రెండూ వేర్వేరు సమయాల్లో పడి ఉండొచ్చు. అప్పుడు లూప్ తీయాలి.

రాపిడి సంగతి దీనికంటే ముఖ్యం. తొడిగినట్టు కనిపించాలని కొత్త చొక్కాని ఇసుక కాగితంతో రుద్ది, టీ నీళ్ళలో ముంచి అమ్ముతారు. దాన్ని పట్టుకోవాలంటే మనమే ఒకటి తయారుచేసి చూడాలి. గడి 4 చొక్కా ఒకదాన్ని తీసుకుని,

1. కుడి తుంటి దగ్గర 220 నంబర్ ఇసుక కాగితంతో రుద్దాను.
2. ఎడమ తుంటి దగ్గర, చొక్కా తొడిగి, మా ఊరి కాలేజీ మైదానంలో నేల మీద జారాను.
3. వీపు కింద ఒక మూల చిక్కటి టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టాను.

లూప్‌లో మూడూ మూడు రకాలు. ఇసుక కాగితం పోగుల కొసల్ని సమానంగా కోసి నూగులా లేపింది, రుద్దిన మేర అంతా ఒకేలా ఉంది. జారిన చోట అలా లేదు. కొన్ని పోగులు పొడుగ్గా లాక్కొచ్చాయి, కొన్ని అసలు చెక్కుచెదరలేదు. జారిన దిశలో గీతలున్నాయి, ఒక కొసన ఎక్కువ, ఇంకో కొసన తక్కువ. టీ మరక అంచు దగ్గర ముదురుగా, లోపల పల్చగా ఉంది. చెమట ఉప్పు మాత్రం చంక కిందా మెడ వెనకా ఒంపులుగా, వరస మీద వరసగా పడుతుంది. చాలాసార్లు తడిసి చాలాసార్లు ఆరితేనే అలా వస్తుంది.

ఈ మూడు నమూనాలూ ఫోటో తీసి, చొక్కాతో పాటు దాచాను. అనుమానం వచ్చినప్పుడల్లా పక్కన పెట్టి చూస్తున్నాను. మొదలుపెట్టేవాళ్ళు ఇంకేం చేసినా చేయకపోయినా ఈ నమూనా చొక్కా ఒకటి తయారుచేసుకోండి.

లెక్క: మార్పు లేదు. తేలనివి 6.

దశ 4: ఫోటో మ్యాచింగ్

అసలు పని ఇదే. ఎక్కువ కాలం పట్టిందీ దీనికే.

ఇప్పటి జెర్సీల మీద రంగులు, పేరు, నంబర్ అన్నీ సబ్లిమేషన్‌తో వస్తాయి. కాగితం మీది రంగుని రెండువందల డిగ్రీల వేడితో ఆవిరిగా మార్చి పాలిస్టర్ లోపలికి ఎక్కిస్తారు. అందువల్ల నంబర్ పగలదు, పెచ్చులూడదు. పాత గైడ్లలో చెప్పినట్టు అంకెల మీద పగుళ్ళు వెతకడం వీటికి దండగ. కానీ ఈ పద్ధతిలోనే ఇంకో ఆధారం దొరుకుతుంది. ముందు భాగం, వెనక భాగం విడివిడిగా అచ్చేసి, కత్తిరించి, తర్వాత కలిపి కుడతారు. పక్క కుట్టు దగ్గర ముందు చార, వెనక చార సరిగ్గా కలవవు. కొన్ని మిల్లీమీటర్లు ఎగుడుదిగుడు వస్తుంది. అది ఒక్కో చొక్కాకి ఒక్కోలా ఉంటుంది.

నేను పట్టిన క్రమం:

1. జెర్సీ పైనుంచి నిటారుగా, పక్కన స్కేలు పెట్టి, ముందూ వెనకా ఫోటో తీయాలి.
2. ట్రేసింగ్ పేపర్ మీద గుర్తుల పటం గీయాలి. కుట్టు ఎగుడుదిగుళ్ళు, పైకి లేచిన పోగులు, మరకలు, చిరుగులు అన్నీ.
3. ఆ టోర్నమెంట్ మ్యాచ్ ఫోటోలు వెతకాలి. ఒకే మ్యాచ్‌వి రెండు కోణాల్లో దొరికితేనే మొదలుపెట్టాలి.
4. దూరాల్ని సెంటీమీటర్లలో కాదు, నంబర్ ఎత్తులో ఎన్నో వంతో లెక్కించాలి.
5. మూడు గుర్తులు కలిస్తేనే ‘తేలింది’ అని రాయాలి. అందులో కనీసం ఒకటి దెబ్బ గుర్తు కావాలి.

ఐదో అంశం మొదట్లో లేదు. 2024–25 లీగ్ జెర్సీ ఒకటి తీసుకుని పక్క కుట్లు చూశాను. కుడివైపు ఎగుడు 6 మిల్లీమీటర్లు, ఎడమవైపు 1. మ్యాచ్ ఫోటోలో కుడివైపు మెట్టులా స్పష్టంగా కనిపించింది. కలిసిందనిపించింది. కానీ అదే ఆటగాడి రెండో చొక్కా కొన్న మిత్రుడొకరు బరంపురంలో ఉన్నారు. ఆయన దగ్గరికెళ్ళి కొలిస్తే అది 5, 2. అరవై అడుగుల దూరం నుంచి తీసిన ఫోటోలో ఆ ఒక్క మిల్లీమీటరు తేడా కనపడదు. ఆటగాడికి టోర్నమెంటుకి ఒకటి కంటే ఎక్కువ సెట్లు ఇస్తారు కాబట్టి కుట్టు ఎగుడుదిగుడు ఒక్కటే నమ్ముకుంటే రెండు చొక్కాలూ అదే మ్యాచ్‌వి అయిపోతాయి. అందుకే నియమం మార్చాను.

దాన్ని తేల్చింది పైకి లేచిన ఒక పోగు. వీపు మీద రెండో అంకె కింది అంచుకి 3.2 సెంటీమీటర్ల పైన చిన్న ఉచ్చులా లేచిన దారం. అంకె ఎత్తు 19. అంటే 0.17 వంతు. మ్యాచ్ ఫోటోలో అంకె ఎత్తు 410 పిక్సెళ్ళు, కింది అంచు నుంచి 70 పిక్సెళ్ళ దగ్గర నల్లటి చుక్క, దాని కింద చిన్న నీడ. 70ని 410తో భాగిస్తే 0.17. అదే టోర్నమెంట్‌లో అంతకుముందు జరిగిన మ్యాచ్ ఫోటోలో ఆ చుక్క లేదు. అంటే పోగు ఆ రెండు మ్యాచ్‌ల మధ్యలోనో రెండో దాంట్లోనో పైకి లేచింది. రెండో కోణం ఫోటోలోనూ చుక్క అదే ఎత్తులో ఉంది. మెడ పట్టీ అతుకు పేరులోని మొదటి అక్షరం వైపు జరిగి ఉండడం మూడో గుర్తు. ఆటగాడి పేరు ఇక్కడ రాయను. మ్యాచ్ తేలింది, అది చాలు.

అడ్డంగా కొలిచిన వంతులు ఎప్పుడూ కలవలేదు. వీపు గుండ్రంగా ఉంటుంది, మనిషి తిరుగుతాడు, అంకె వెడల్పు ఫోటోలో సగానికి తగ్గిపోతుంది. నిలువు కొలతలు మాత్రం నిలబడతాయి. కాబట్టి అడ్డం కొలతలు మానేశాను.

రెండో జెర్సీకి ఎన్ని ఫోటోలు చూసినా ఏ గుర్తూ దొరకలేదు. గుడ్డ సైజు, నంబర్ ఎత్తు, కుట్టు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ చంకలో ఉప్పు లేదు, పోగు ఉండ కట్టలేదు, భుజాల మధ్య లోపలివైపు నున్నగా ఉంది. ఇప్పటి ఆటగాళ్ళు చొక్కా లోపల జీపీఎస్ పెట్టే బనీను వేసుకుంటారు. ఆ డబ్బా సరిగ్గా భుజాల మధ్య ఉంటుంది, అక్కడ గుడ్డ లోపలివైపు గరుకెక్కుతుంది. ఇందులో అదీ లేదు. గడి 3.

పాత పేపర్లతో ప్రయత్నం ఫలించలేదు. జిల్లా క్రీడల పేజీలు వెతికి ఫోన్‌లో తీశాను. పేపర్ ఫోటో చుక్కలతో అచ్చవుతుంది కదా, పెద్దది చేస్తే చుక్కలే పెద్దవవుతాయి. నంబర్ చదవొచ్చు గానీ పోగు కనపడదు. ఆ ఆటగాడు ఆ రోజు ఏ నంబర్‌తో ఆడాడో తెలుసుకోవడానికి మాత్రమే పేపర్లు వాడుతున్నాను.

లెక్క: జెర్సీలు 11. గడి 1లో 1, గడి 3లో 1, గడి 4లో 5. తేలనివి 4. ఖర్చు రూ. 17,100.

దశ 5: టైలర్ బాబాయి చూపు

మా వీధి చివర టైలర్ బాబాయి ఉన్నారు. హాకీతో ఆయనకి పని లేదు. అందుకే తీసుకెళ్ళాను. ఏ జట్టో, ఎవరిదో చెప్పకుండా నాలుగూ బల్ల మీద పెట్టాను.

ఆయన ముందు వైపు చూడనే లేదు. అన్నిటినీ తిరగేశారు. 14 నంబర్ ఉన్న పాత రాష్ట్రజట్టు చొక్కా దగ్గర ఆగి, గుడ్డని లైటుకి ఎత్తిపట్టి, ‘ఇదిగో బాబూ, ఈ నాలుగు పక్కన ఒకటి తర్వాత కుట్టింది. నాలుగు కూడా జరిపేరు. పాత సూది బెజ్జాలు చూడు’ అన్నారు. లూప్ పెట్టి చూస్తే నాలుగుకి ఎడమపక్కన వేలెడు దూరంలో మరో నాలుగు ఆకారంలో బెజ్జాల వరస ఉంది. నడుమ ఉన్న 4 అంకెని విప్పి, కుడికి జరిపి, పక్కన 1 కుట్టారు.

బయటివాళ్ళు దీన్ని చూడగానే నకిలీ అంటారు. నేను ఒప్పుకోను. దేశవాళీ జట్లలో, హాస్టల్ జట్లలో చొక్కాలు ఏటా కొత్తవి రావు. పోయినేడాది నాలుగో నంబర్ ఆడిన పిల్ల వెళ్ళిపోతే, ఆ చొక్కా నంబర్ మార్చుకుని ఇంకో పిల్ల ఒంటి మీదికి వస్తుంది. పాత బెజ్జాల చుట్టూ గుడ్డ వెలిసి ఉంది, అంటే నాలుగు అక్కడ చాలా కాలం ఉంది. 1 కింది గుడ్డ కంటే దాని చుట్టూ ఉన్న గుడ్డ ఇంకొంచెం వెలిసింది, అంటే మార్చాక కూడా వాడారు. అమ్మడానికి మార్చి ఉంటే ఆ రెండో వెలియడం ఉండదు. ఇద్దరు ఆడిన చొక్కా ఇది. గడి 2లో పెట్టి, పక్కన రెండు నంబర్లూ రాశాను.

బాబాయి చెప్పిన ఇంకో విషయం కూడా రాసుకున్నాను. ఆటకి కుట్టే చొక్కా పక్క కుట్టు లోపల చదునుగా ఉండాలి, లేకపోతే చర్మం కోసుకుంటుంది. చవగ్గా కుట్టినదానికి ఓవర్‌లాక్ (అంచు చుట్టి వేసే కుట్టు) గట్టు వేలికి తగులుతుంది. ఇప్పుడు నేను కొనేముందు చేసే మొదటి పని చొక్కా తిరగేసి పక్క కుట్టు మీద వేలు పోనివ్వడం. ఆయన డబ్బు పుచ్చుకోలేదు.

లెక్క: జెర్సీలు 11. గడి 1లో 1, గడి 2లో 1, గడి 3లో 1, గడి 4లో 5. తేలనివి 3.

దశ 6: సుందర్‌గఢ్, ఫోటోలు లేని చొక్కాలు

గుణుపురం నుంచి రూర్కెలా వెళ్ళే రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ మా ఊరి మీదుగా వెళ్తుంది. సుందర్‌గఢ్ జిల్లా వెళ్ళకుండా ఈ ప్రాజెక్టుకి అర్థం లేదు. దిలీప్ తిర్కీ, లాజరస్ బార్లా, సునీతా లాక్రా, దీప్ గ్రేస్ ఎక్కా, భారత జట్లకి ఆడిన వీళ్ళందరూ ఆ నేల వాళ్ళే. దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్‌లది ఒకటే ఊరు, సౌనామార. అక్కడ ఊళ్ళ మధ్య జరిగే పోటీల్లో గెలిచిన జట్టుకి మేకపోతుని బహుమతిగా ఇవ్వడం పాత అలవాటు. ఆ ఆటలకి ఫోటోగ్రాఫర్ రాడు. పోగు వెతకడానికి ఫోటో లేదు.

కాబట్టి ఇక్కడ సాక్ష్యం మనిషి మాటే. మాటని పరీక్షించే పద్ధతి తయారుచేసుకోవాల్సి వచ్చింది. మొదటి ఇంట్లో చొక్కా చేతిలో పట్టుకుని ప్రశ్నలడిగాను. ఎదురుగా చొక్కా ఉంటే ఎవరైనా దాన్ని చూసే జవాబిస్తారు. కాలర్ ఏ రంగు అంటే కళ్ళు దానిమీదకే పోతాయి. ఆ సమాధానాలు లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత క్రమం ఇలా మార్చాను.

1. చొక్కా బయటికి తీయకముందే మాట్లాడాలి.
2. నంబర్ ఎంత, కాలర్ ఉందా గుండ్రటి మెడా, చేతులు ఎంత పొడుగు అని అడగాలి.
3. ఎక్కడైనా చిరిగిందా, ఎవరు కుట్టారు, ఏ రంగు దారంతో అని అడగాలి.
4. జట్టులో పక్కన ఆడినవాళ్ళని విడిగా ఇవే అడగాలి.
5. అప్పుడు చొక్కా తీసి పటం గీయాలి.

మూడో ప్రశ్నే ముఖ్యం. రూర్కెలాకి దూరంగా ఒక పల్లెలో, ఇప్పుడు నడివయసులో ఉన్న ఒకావిడ, మాకు సాయంగా వచ్చిన కుర్రాడి ద్వారా, ‘ఎడమ చెయ్యి కింద చిరిగితే మా అమ్మ చీర అంచు దారంతో కుట్టింది, ఎర్ర దారం’ అని చెప్పారు. పెట్టె తెరిచాక ఎడమ చంక కింద మూడు వేళ్ళ మేర ఎర్ర దారం. తుంటి దగ్గర మొరం నేల ఎరుపు, పోగుల్లోకి ఇంకి ఉంది. ఉతికినా పోని మట్టి అది. మైదానం పక్కన మట్టి చిటికెడు తెచ్చి లూప్ కింద రెంటినీ పక్కపక్కన చూశాను. రంగూ, రేణువూ కలిశాయి. మట్టి అదే ప్రాంతానిది అనడానికి ఇది సరిపోతుంది, ఆ ఒక్క మైదానానిదే అనడానికి సరిపోదు.

ఆ చొక్కా కొనలేదు. ఆవిడకి ఆట మిగిల్చిన వస్తువు అదొక్కటే. ఇంట్లో ఒక్కటే ఉంటే కొనకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను. ఫోటోలు తీసి, పటం గీసి, ఆవిడ చెప్పింది రికార్డు చేసి, ఒక ప్రింటు ఆవిడకే ఇచ్చి వచ్చాను. రెండు మూడు చొక్కాలు ఉండి, తామే ఇస్తామన్న ఇళ్ళ నుంచి మాత్రమే తీసుకున్నాను. బేరం ఆడలేదు.

లెక్క: కొత్తగా వచ్చినవి 4, వాటికి ఇచ్చింది రూ. 3,000. ప్రయాణం రూ. 2,350. ఇళ్ళలోనే వదిలి నమోదు చేసినవి 9. నాలుగింటిలో రెండు మాట సాక్ష్యంతో నిలబడ్డాయి, వాటికి ‘గడి 1, మాట మీద’ అని విడిగా గుర్తు పెట్టాను. ఇప్పుడు జెర్సీలు 15. తేలనివి 5. మొత్తం ఖర్చు రూ. 22,450.

దశ 7: దాచడం

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ముంచెత్తిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. తుపాను లేకపోయినా మా ఊరి వానాకాలం బట్టలకి మంచిది కాదు.

మొదట ప్లాస్టిక్ కవర్లలో పెట్టాను. వేసవి తర్వాత విప్పితే, రబ్బరు ప్రింటు నంబర్ ఉన్న ఒక పాత చొక్కాలో అంకె అంకెకి అంటుకుపోయింది. గట్టిగా లాగితే ఊడి వచ్చేది. ఫ్యాను కింద నీడన పెట్టి, చల్లబడ్డాక, అంచు నుంచి వెదురు పుల్లతో నెమ్మదిగా విడదీశాను. కవరు లోపల చెమ్మ పట్టి మెడ దగ్గర బూజు చుక్కలు కూడా వచ్చాయి.

మార్చినవి:

1. ప్లాస్టిక్ తీసేసి ఉతికిన మల్లు గుడ్డ సంచులు.
2. నంబర్ మీద నంబర్ పడకుండా మధ్యలో ఆమ్లం లేని టిష్యూ కాగితం. మడతలు అంకెల మీద పడకూడదు.
3. స్టీలు బీరువాలో సిలికా జెల్ పొట్లాలు, తేమ మీటరు. నాఫ్తలీన్ ఉండలు వద్దు, వాసన పట్టిందంటే పోదు. పాలిస్టర్‌ని పురుగు తినదు కాబట్టి వాటి అవసరమూ లేదు.
4. మీటరు 60 దాటితే పొట్లాలు ఎండబెట్టి మార్చడం. ఆషాఢంలో గదిలో 85 ఉన్నప్పుడు బీరువాలో 57 దగ్గర నిలిచింది.

ఉతకడం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఉప్పు చారలు, మట్టి పోతే సాక్ష్యమే పోతుంది. బూజు పట్టిన చొక్కాని మాత్రం నీడలో ఆరబెట్టి, మెత్తటి బ్రష్‌తో దులిపి, ముందూ వెనకా ఫోటో తీసి, ఏం చేశామో చీటీలో రాయాలి.

ఈ దశ ఖర్చు రూ. 1,850.

ఇప్పటిదాకా లెక్క:

- జెర్సీలు 15
- గడి 1, ఫోటోతో: 1
- గడి 1, మాట మీద: 2
- గడి 2: 1
- గడి 3: 1
- గడి 4: 5
- తేలనివి: 5
- ఇళ్ళలో వదిలి నమోదు చేసినవి: 9
- మొత్తం ఖర్చు రూ. 24,300

తేలని ఐదింటిలో ముందు పట్టుకోబోయేది ఆ నూలు కలిసిన హాస్టల్ చొక్కా. 7 నంబర్, కాలర్ ఉంది, కుడి మోచేతి దగ్గర వేరే గుడ్డతో అతుకు ఉంది. అతుకు గుడ్డలో గళ్ళున్నాయి, బహుశా ఏదో స్కూలు యూనిఫాం ముక్క. రూర్కెలాలోని పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్‌లో ఆ రోజుల్లో ఉన్న ఇద్దరి ఆచూకీ దొరికింది. చొక్కా సంచిలోంచి తీయకుండా, ముందు ఆ గళ్ళ రంగు అడగాలి.